చీటీ డబ్బుతో స్పోర్టీ కారు

మన క్యాంటీన్‌లో ఎవరైనా "సెకండ్ హ్యాండ్‌లో ఒక హ్యాచ్‌బ్యాక్ తీసుకుందామనుకుంటున్నా" అంటే చాలు, టేబుల్ చుట్టూ నలుగురు చేరి నాలుగు పేర్లు చెప్తారు. పోలో జీటీ, అబార్త్ పుంటో, బాలెనో ఆర్‌ఎస్, ఐ20 ఎన్ లైన్. ఆ తర్వాత పీఎస్‌లు, న్యూటన్ మీటర్లు, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు అన్న లెక్కలు. టీ చల్లారిపోతుంది గానీ చర్చ చల్లారదు. నాకూ ఈ చర్చలు ఇష్టమే, నేనూ గంటలు గంటలు కూర్చుంటాను. కాకపోతే అందులో ఒక ప్రశ్న ఎప్పుడూ రాదు. ఆ బండి ఆగిపోయిన రోజు దాన్ని ఎవరు బాగుచేస్తారు? ఎన్ని రోజుల్లో? ఎంతకి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, నచ్చనివాళ్లు ఇక్కడినుంచే తిట్టుకోవచ్చు. మనలాంటి ఇళ్లలో, మన హైదరాబాద్ రోడ్ల మీద, నమ్మకంగా తిరుగుతూ, తక్కువ తాగుతూ, నడిపితే సరదాగా ఉండే పాత బండి కావాలంటే అది టర్బో లేని, నాలుగు సిలిండర్ల, మాన్యువల్ గేర్ల, తేలికైన పెట్రోల్ బండి. పేరు పెట్టి చెప్పమంటే 2018లో వచ్చిన మూడో తరం మారుతీ స్విఫ్ట్ 1.2.

"స్విఫ్టా? అది క్యాబ్ బండి కదా మామా!" అంటారని తెలుసు. ఆ మాటకి కూడా వస్తాను.

డబ్బు సంగతి

మాది బోయిన్‌పల్లి. ఇంట్లో ఇప్పటిదాకా స్కూటరే. అమ్మ సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. నాన్నకి కళ్ల సమస్య వచ్చాక రాత్రిపూట స్కూటర్ నడపడం మానేశారు. అందుకే ఈ ఏడాది 6 లక్షల చీటీ పాడాం, చేతికి 5 లక్షల 10 వేలు వచ్చింది. చీటీ ఎత్తుకున్నంత మాత్రాన అయిపోదని మీ ఇళ్లలోనూ తెలిసే ఉంటుంది. మిగిలిన నెలలన్నీ కట్టుకుంటూనే ఉండాలి. అంటే రేపు బండికి 60 వేల రిపేరు వస్తే ఆ 60 వేలు ఎక్కడినుంచో రాదు, చెల్లి ఫీజులోంచే వస్తుంది.

నాన్న రెండే షరతులు పెట్టారు. పెట్రోల్‌కి నెలకు 5 వేలు దాటకూడదు. తెల్లవారుజామున స్టార్ట్ చేస్తే ఒక్క సెల్ఫ్‌కే అందుకోవాలి. మోడల్ ఏది, రంగు ఏది అన్నది నాకే వదిలేశారు, ఎందుకంటే నడిపేది నేనే. ఇంట్లో లైసెన్స్ ఉన్నది నాకొక్కడికే. కాబట్టి నాకు నమ్మకమైన బండి అంటే సర్వేలో వచ్చే ర్యాంకు కాదు. డ్యూటీ దిగి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డ మనిషి అరగంట కూడా ఎదురుచూడకుండా చేసే బండి.

అయితే నాకు పందొమ్మిదేళ్లు. నడిపేటప్పుడు మనసుకి కూడా ఏదో ఒకటి ఉండాలి కదా. ఆ ఆశని చంపుకోమని నేను ఎవరికీ చెప్పను.

స్పోర్టీ అంటే ఏంటి?

మనం పవర్ ఒక్కటే చూస్తాం. బరువు చూడం. ఒక చిన్న భాగహారం చేద్దాం.

2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐలో 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 105 పీఎస్. బండి బరువు సుమారు 1,100 కిలోలు. టన్నుకు దాదాపు 95 పీఎస్. 2018 స్విఫ్ట్‌లో 1,197 సీసీ ఇంజిన్, 83 పీఎస్. బరువు సుమారు 870 కిలోలు. భాగించి చూడండి, అదీ టన్నుకు దాదాపు 95 పీఎస్సే!

మరి పోలో ఎందుకంత ఫాస్ట్‌గా అనిపిస్తుంది? టార్క్ వల్ల. ఇంగ్లిష్ మీడియంలో చదువుకున్న నాకు టార్క్‌కి సరైన తెలుగు మాట తెలీదు. మా వీధి మెకానిక్ అన్న దాన్ని "పికప్" అంటాడు, నాకు అదే నచ్చింది. పోలోలో 175 న్యూటన్ మీటర్ల పికప్ 1,500 ఆర్‌పీఎం దగ్గరే చేతికొస్తుంది. స్విఫ్ట్‌లో 113 మాత్రమే, అదీ 4,200 దగ్గర. కాబట్టి సిగ్నల్ పడగానే పోలో ముందుంటుంది. అందులో వాదన లేదు.

కానీ స్విఫ్ట్‌లో ఇంకో రకం ఆనందం ఉంది. ఇంజిన్‌ని మనమే పైకి తీసుకెళ్లాలి. సెకండ్ గేర్‌లో 4 వేలు దాటించాక దాని గొంతు మారుతుంది. గేరు ఎప్పుడు మార్చాలో మన చేతికీ చెవికీ తెలుస్తుంది. తేలికైన బండి కాబట్టి మలుపులో చెప్పిన మాట వింటుంది. సుచిత్ర దాటి కొంపల్లి వైపు పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద ఈ సరదాకి 60 కిలోమీటర్ల వేగం చాలు. 140లో వెళ్తేనే మజా వచ్చే బండిని మన ఊళ్లో ఎక్కడ నడుపుతాం చెప్పండి? ఔటర్ మీద కూడా చలానా వస్తుంది.

ఇంకో సంగతి. 2024 మే నెలలో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో ఇంజిన్ మూడు సిలిండర్లకు మారిపోయింది. మైలేజ్ పెరిగింది, బాగానే ఉంది. కానీ ఆ నాలుగు సిలిండర్ల మెత్తదనం కావాలంటే ఇప్పుడు షోరూమ్‌లో దొరకదు, పాత బండ్లలోనే వెతుక్కోవాలి. సెకండ్ హ్యాండ్ కొనడానికి డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం కానక్కర్లేదు.

టర్బో చెడ్డదా?

కాదు. టర్బో అద్భుతమైన ఆలోచన. సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే వేడి గాలితో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీద ఇంకో చక్రంతో ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెడతారు. గాలి ఎక్కువైతే పెట్రోల్ ఎక్కువ కాల్చొచ్చు, చిన్న ఇంజిన్ పెద్ద పని చేస్తుంది. కానీ ఆ చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాని బేరింగ్‌ని కాపాడేది ఇంజిన్ ఆయిల్ పొర మాత్రమే. మొదటి ఓనర్ ఆయిల్ మార్చడంలో బద్ధకిస్తే, చౌక ఆయిల్ పోస్తే, ఆ ఫలితం మూడో ఓనర్ దగ్గర బయటపడుతుంది. ఆ మూడో ఓనర్ మనమే.

పైగా చాలా టర్బో పెట్రోల్ ఇంజిన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి కొడతారు. మామూలు ఇంజిన్లలో పెట్రోల్ వాల్వ్ వెనకవైపు పడుతూ దాన్ని కడుగుతూ ఉంటుంది. నేరుగా కొట్టేదాంట్లో ఆ కడగడం ఉండదు, కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ వాల్వ్‌ల మీద మసి పేరుకుంటుంది. శుభ్రం చేయించొచ్చు, కానీ అది వీధి చివర షెడ్డులో అయ్యే పని కాదు.

ఇక గేర్‌బాక్స్. పోలో జీటీ టీఎస్‌ఐలో 7 గేర్ల డీఎస్‌జీ ఉంటుంది. రెండు క్లచ్‌లు, రెండూ ఆయిల్‌లో మునగని పొడి రకం. ఇదే కుటుంబానికి చెందిన గేర్‌బాక్సుల కోసం ఫోక్స్‌వ్యాగన్ 2013లో ఒక్క చైనాలోనే 3 లక్షల 80 వేలకు పైగా కార్లను రీకాల్ చేసింది. తర్వాత మెరుగులు దిద్దారు. కానీ పొడి క్లచ్‌కి అసలు శత్రువు పాకే ట్రాఫిక్. ప్యారడైజ్ నుంచి తాడ్‌బండ్ మీదుగా బోయిన్‌పల్లి దాకా సాయంత్రం ఆరింటికి ఒకసారి రండి. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫార్మ్ రోడ్డు దాకా ఎలివేటెడ్ కారిడార్‌కి 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. అది మన బండ్ల కింద పడేదాకా మనకి ఫస్ట్ గేరూ, హాఫ్ క్లచ్చే గతి. మాన్యువల్ బండి క్లచ్ అరిగితే ప్లేట్ మార్చుకుంటాం. డీఎస్‌జీలో క్లచ్‌లూ, వాటిని నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్టూ పోతే ఆ బిల్లు మా చీటీకి ఇంకో చీటీ.

టర్బో మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లకి 2020లో పోలోకి వచ్చిన 1.0 టీఎస్‌ఐ, 6 గేర్ల మాన్యువల్‌తో, మంచి బండి. 110 పీఎస్. సర్వీస్ రికార్డు మొత్తం ఉండి, రిపేరుకి విడిగా డబ్బు ఉంటే తీసుకోండి, నేను అడ్డు చెప్పను. ఆ విడిగా ఉన్న డబ్బు దగ్గరే నా వాదన అంతా.

మెకానిక్ అన్న మాట

మా వీధి చివర షెడ్డు అన్నని అడిగాను, "అన్నా, ఏ బండి తీసుకోమంటావ్?" అని. ఆయన పేరు చెప్పలేదు. "ఏదన్న తీస్కో తమ్మీ. పార్ట్ కోసం నా కాడ ఎన్ని దినాలు నిలవడ్తదో గది సూస్కో ముందుగాల" అన్నాడు. నాలుగు ఆటోమొబైల్ వీడియోలు చూసినా నాకు దొరకని సూత్రం ఇది.

ఫియట్ 2019లో మన దేశంలో కార్లు ఆపేసింది. 2015లో వచ్చిన అబార్త్ పుంటో, 145 హార్స్‌పవర్ బండి, దాంతోపాటే చరిత్రలోకి వెళ్లింది. ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నామంది. ఫిగో 1.5 డీజిల్ నడిపినవాళ్లు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. పోలో తయారీ 2022లో ఆగింది. ఈ బండ్లకి పార్టులు అస్సలు దొరకవని నేను అనను. దొరుకుతాయి, వెతికితే. కానీ వెతకడం కూడా ఖర్చే. ఆ వెతికే వారం రోజులు అమ్మ ఆటో కోసం నిలబడాలి.

ఇప్పుడు క్యాబ్ మాటకి వద్దాం. స్విఫ్ట్ ఇంజిన్, డిజైర్ ఇంజిన్ ఒకటే. డిజైర్లు మన నగరంలో క్యాబ్‌లుగా ఎన్ని తిరుగుతున్నాయో లెక్కలేదు. రోజంతా స్టీరింగ్ పట్టుకుని పొట్ట పోసుకునే మనిషి ఏ ఇంజిన్ ఎంచుకున్నాడో అది మనకి ఎగతాళి ఎందుకైంది? ఆయనకి బండి ఆగితే ఆ రోజు కూలి పోతుంది. మన అందరికంటే జాగ్రత్తగా లెక్క వేసిన మనిషి ఆయనే. ఆయన వల్లే రాణీగంజ్‌లో ఈ బండి పార్టులు అడగ్గానే అందుతాయి, ఏ షెడ్డుకెళ్లినా దాన్ని విప్పినవాడు ఒకడుంటాడు.

డీజిల్ సంగతి

పాత స్విఫ్ట్‌లో ఉన్న 1,248 సీసీ డీజిల్ ఇంజిన్ ఫియట్ డిజైన్. మారుతీ, టాటా, ఫియట్ అందరూ వాడారు కాబట్టి దాన్ని "జాతీయ ఇంజిన్" అని ముద్దుగా పిలిచేవాళ్లు. నిజంగా గట్టి ఇంజిన్. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 నిబంధనలు రావడంతో మారుతీ దాన్ని ఆపేసింది. నెలకు 2 వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఇప్పటికీ అది సరైనదే. కానీ నాలాగా నెలకు 600 తిరిగేవాళ్లు లీటరుకు మిగిల్చుకునే పది పన్నెండు రూపాయలు ఇంజెక్టర్ల రిపేరు ఒక్కసారి వస్తే ఎగిరిపోతాయి.

ఇంకో జాగ్రత్త. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి అక్కడి బండ్లు ఇక్కడికి చౌకగా వస్తాయి. ఆ ధర చూసి పడిపోకండి. అక్కడి ఆర్టీవో ఎన్‌వోసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. అన్నీ కలిపితే చౌక ఎంత మిగిలిందో అప్పుడు చూడండి.

పెట్రోల్ లెక్క

నెలకు 600 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో లీటర్ పెట్రోల్ సుమారు 107 రూపాయలు. కంపెనీ చెప్పే మైలేజ్ పక్కన పెట్టి, మన ట్రాఫిక్‌లో స్విఫ్ట్ 14 ఇస్తుందనుకుందాం, టర్బో ఆటోమేటిక్ 10 ఇస్తుందనుకుందాం. స్విఫ్ట్‌కి సుమారు 43 లీటర్లు, 4,600 రూపాయలు. రెండోదానికి 60 లీటర్లు, 6,400 రూపాయలు. ఏడాదికి తేడా దాదాపు 22 వేలు. మీ వాడకం వేరైతే అంకెలు మార్చి మీరే వేసుకోండి, ఫార్ములా అదే.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 10 శాతం నుంచి 20 శాతానికి పెరిగితే మైలేజ్ సుమారు మూడున్నర శాతం తగ్గాలి. నా లెక్కలో నెలకు ఒకటిన్నర లీటర్, అంటే 160 రూపాయలు. భయపడాల్సినంత కాదు. కానీ 2023కి ముందు తయారైన ఏ బండి కొన్నా పెట్రోల్ పైపులు, రబ్బరు సీళ్లు ఒకసారి మెకానిక్‌కి చూపించండి.

నా వాదనకి గట్టి దెబ్బ

ఇక్కడ పోలో అభిమానులు నన్ను పట్టుకోగలరు. పట్టుకోవాలి కూడా. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2014లో రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకి పెద్దల భద్రతలో 4 స్టార్లు ఇచ్చింది. 2018 స్విఫ్ట్‌కి 2 స్టార్లే వచ్చాయి. 2022లో పరీక్ష కఠినం చేశాక ఒక్కటే. టాటా ఆల్ట్రోజ్‌కి 2020లో 5 స్టార్లు వచ్చాయి. తేలిక బరువు స్పోర్టీ అని ఇందాక నేనే పొగిడాను. ఆ తేలికకి కొంత ధర ఉంది, ఆ ధర రేకుల్లో ఉంది.

దీన్ని నేను తేలిగ్గా తీసేయలేను. ఇంట్లో కూడా ఇదే మాట నడిచింది. నా సమాధానం ఇది. ఆల్ట్రోజ్ టర్బో మా చీటీ డబ్బుకి అందే ధరలో నాకు కనబడలేదు. మా డబ్బుకి అందే పోలో జీటీలు పదేళ్ల వయసువి, గేర్‌బాక్స్ సంగతి పైన చెప్పాను. మా ఇంటికి ఇప్పుడున్న ప్రత్యామ్నాయం 4 స్టార్ల కారు కాదు, రాత్రిపూట స్కూటర్. అందులో స్టార్లు లేవు. మూడో తరం స్విఫ్ట్‌లో అన్ని వేరియంట్లకీ రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్నాయి. అంతకుముందు తరం కొనేవాళ్లు మాత్రం కింది వేరియంట్ల జోలికి పోకండి. ఎయిర్‌బ్యాగ్ లేని బండికి అలాయ్ వీల్స్ వేసి స్పోర్టీ అనడం లాంటి అన్యాయం ఇంకోటి లేదు. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లయితే, ఇంకో లక్ష సర్దుకోగలిగితే, నా సలహా పక్కన పెట్టి గట్టి బండే తీసుకోండి.

చూడ్డానికి వెళ్లినప్పుడు

మనం కంప్యూటర్ సైన్స్ వాళ్లం కదా, మన ఆయుధం మనకుంది. గత పదేళ్లలో వచ్చిన దాదాపు ప్రతి కారులో స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్ ఉంటుంది. చిన్న బ్లూటూత్ స్కానర్ పెడితే ఫోన్‌లో ఇంజిన్ కంప్యూటర్ మాట్లాడుతుంది. ఎర్రర్ కోడ్స్ లేవని సంతోషించకండి. "కోడ్స్ తుడిచాక తిరిగిన దూరం" అని ఒక విలువ ఉంటుంది, అది చూడండి. మీటర్‌లో 62 వేలు ఉండి ఈ విలువ 4 కిలోమీటర్లు ఉందంటే, మీరొస్తున్నారని పొద్దున్నే ఎవరో లాగ్ డిలీట్ చేశారని అర్థం. లాగ్ ఎందుకు డిలీట్ చేస్తారో మనకి వేరే చెప్పాలా?

స్కానర్ లేకపోయినా చూడగలిగేవి బోలెడు. బండిని చల్లటి ఇంజిన్‌తోనే స్టార్ట్ చేయాలి. ముందే వేడి చేసి ఉంచితే బానెట్ మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. టైర్ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. మీటర్ 30 వేలే చూపిస్తుంటే, పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంటే, ఆ రెండింట్లో పెడల్‌నే నమ్మండి. సీట్ బెల్ట్ చివరిదాకా లాగండి, స్టెప్నీ గుంట చూడండి. 2020 అక్టోబర్ వరదల్లో మన నగరంలో మునిగిన బండ్లు గాల్లో కలిసిపోలేదు. బురద గీత లోపల ఎక్కడో ఒకచోట మిగులుతుంది.

కాగితాలు: ఆర్‌సీ మీద బ్యాంక్ పేరుంటే ఎన్‌వోసీతో పాటు ఫారం 35. ట్రాన్స్‌ఫర్‌కి 29, 30. ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని 14 రోజుల్లో అడగాలి. చలానాలు అమ్మేవాడితోనే కట్టించాలి. చేతిలో ఉన్న డబ్బంతా బండికి పెట్టకండి, పదో వంతు పక్కన ఉంచండి. ఆయిల్, ఫిల్టర్లు, బ్యాటరీ, టైర్లు, బ్రేక్ ప్యాడ్లు మొదటి నెలలోనే అడుగుతాయి. మా 5 లక్షల 10 వేలల్లో 50 వేలు నాన్న ముట్టనివ్వడం లేదు. బేరం ఎంత బాగున్నా అవి బయటికి రావు.

పోలో గోడ మీద పోస్టర్‌గా ఉండనివ్వండి. ఉద్యోగం వచ్చాక, మన జీతంతో, మన రిస్క్‌తో, ఏ టర్బో అయినా కొనుక్కుందాం. అప్పుడు అది చెడిపోతే మన వీకెండే పోతుంది. ఇప్పుడు మాత్రం చీటీ కిస్తీ కడుతున్నది వేరేవాళ్లు. వాళ్ల డబ్బుతో మనం ఎంచుకునే ఇంజిన్‌కి మొదటి అర్హత, వాళ్లు బయల్దేరదామన్నప్పుడు బయల్దేరడం. రెండో అర్హతగా సెకండ్ గేర్‌లో కాస్త పాట పాడితే ఇంకేం కావాలి?